తోడుమనిషికో కుర్చీ

మూడో అంతస్తు చేరాక గానీ రత్నాలుకు స్ఫురించలేదు, తనకు ఆయాసం రాలేదని.

లిఫ్టు పాడైంది. కుస్తీలు పట్టే కుర్రాడైనా ఒకచోట ఆగి గాలి పీల్చుకోవాల్సిన మెట్లవి. రత్నాలుకు రెండు కిడ్నీలూ పోయి ఆరేళ్లు. నిన్ననే డయాలసిస్ చేయించుకుంది. అయినా గోడ పట్టుకోకుండా, ఎక్కడా కూలబడకుండా ఎక్కేసింది. పైగా కింద గుమస్తాతో పరాచికాలాడుతూ మరీ ఎక్కింది.

ఆమె పడాల్సిన ఆయాసాన్ని ఆ సమయంలో దూరంగా ఆమె ఊళ్లో ఇంకో మనిషి పడుతున్నాడు.

కొంగు మెడచుట్టూ సర్దుకుంది. కొంగు కింద తోడుపట్టీ వెచ్చగా తగులుతోంది.

"రండి రత్నాలుగారూ, మీకోసమే ఆగాం," అంది డాక్టర్ హైమవతి.

ఆ పట్టీ హైమవతి కనిపెట్టిందే. యాభై దాటిన మనిషి. ఒకే ఆలోచన వెంటపడి జుట్టంతా నెరిసిపోయింది. అలసట కండల్లో ఉండదు, ఒంట్లోంచి మెదడుకు వెళ్లే కబురే అలసట, ఆ కబురును మెడ దగ్గర పట్టుకోవచ్చు అన్నది ఆమె ఆలోచన. పట్టుకుంది కూడా. కానీ పట్టుకున్న కబురును అక్కడే నొక్కేస్తే రోగి గుండె తడబడింది. ఇంకో ఒళ్లు ఆ కబురు అందుకుని 'సరే, నెమ్మదిస్తున్నాను' అని జవాబు చెబితేనే గుండె కుదురుకుంది. అందుకే పట్టీలు జతలు. ఒకటి రోగి మెడకు, రెండోది ఆరోగ్యంగా ఉన్న తోడుమనిషి మెడకు. రోగి లేచి తిరుగుతాడు. తోడుమనిషి పడుకుంటాడు. మధ్యలో ఎంత దూరమైనా ఫర్వాలేదు, ఫోను సిగ్నలుంటే చాలు.

"నెత్తిన బరువు దించుకోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలి కదమ్మా," అని మొదటిరోజు ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఈ గదిలో రత్నాలుకు కుర్చీ ఊరికే రాలేదు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో తేలుస్తామంటూ జీపులు రావడం పెళ్లై వచ్చిన నాటినుంచీ చూస్తోంది. రక్తం పట్టుకెళ్లారు, బావుల్లో నీళ్లు పట్టుకెళ్లారు, చేలో మట్టి పట్టుకెళ్లారు. పట్టుకెళ్లినవాడు ఏం తేలిందో చెప్పడానికి మళ్లీ ఇటు తొంగి చూడలేదు. హైమవతి జీపు వచ్చిన రోజున బడి ఆవరణలో జనం నోరు మెదపకుండా కూర్చున్నారు. రత్నాలే లేచింది. ఆర్టీసీలో కండక్టరుగా చేసిన గొంతు.

"మా రగతం మీకిస్తాం మేడమ్. మీ కాడ ఓ కుర్చీ మాకియ్యండి. టిక్కెట్టు తీసినోడికి సీటియ్యాలి గదా!"

జనం నవ్వారు. హైమవతి నవ్వలేదు. కాసేపు ఆలోచించి సరేనంది. అప్పటినుంచీ పరిశోధన సంఘంలో రత్నాలు రోగుల తరఫు భాగస్వామి. ఆమె సంతకం పడనిదే ఏ దశా ముందుకు కదలదు.

ఇవాళ ఆ సంతకం కోసమే పిలిచారు.

గోడమీద తెరపై రెండు గీతలున్నాయి. ఒకటి ఈ కేంద్రానిది, పైకి పాకిపోతోంది. ఇంకో జిల్లాలోని రెండో కేంద్రం గీత సగంలో చతికిలబడింది.

"అమోఘం!" అన్నాడు సంఘం అధ్యక్షుడు పరాంకుశం. "ఇక్కడ తోడుమనుషులు ఒక్కరంటే ఒక్కరూ మానలేదు. అక్కడ సగంమంది నీరసం తట్టుకోలేక పట్టీలు తెచ్చి వెనక్కిచ్చేశారు. ఏమిటమ్మా మీవాళ్ల రహస్యం? ఏం తింటారు?"

"జీడిపప్పు సార్," అంది రత్నాలు. "ముక్కలు మేం తింటాం. మంచియి మీకంపుతాం."

గది గొల్లుమంది. హైమవతి మాత్రం తెరవంకే చూస్తోంది.

రహస్యం తిండిలో లేదు. మొదట్లో రత్నాలుకు తోడుమనిషి మొగుడు సింహాద్రే. ఆటో తోలుతాడు. పెళ్లాం అలసట మోసి మధ్యాహ్నమంతా మంచాన పడి, సాయంత్రం బేరానికి లేచి, తోలుతూ తోలుతూనే కునికి ఆటోను కొబ్బరిపీచు కుప్పలోకి ఎక్కించేశాడు. ఆ కుప్ప ఉన్నచోట లారీ ఉండుంటే?

"ఏటీ అవలేదులేవే," అన్నాడు పీచు దులుపుకుంటూ.

రత్నాలు పట్టీల జత తీసి అటకమీద పడేసింది.

అక్కణ్ణుంచి దించినవాడు ఢిల్లేశు. బెండి ఢిల్లేశ్వరరావు, వరసకు బావ. ఒకప్పుడు చెట్టెక్కి కొబ్బరికాయలు దింపడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఇప్పుడు అతనిదీ అదే జబ్బు. రత్నాలుకు డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాలు. అతనికి మంగళ, గురు, శని.

"సోమారం నీది నాను మోస్తాను. మంగళారం నాది నువ్వు మొయ్యి. ఊడుపులకి ఒకళ్ల సేలోకి ఒకళ్లం బదులెళ్లమేటి? ఇదీ అంతే."

"జబ్బున్నోళ్లు మొయ్యకూడదని రాసినారు బావా."

"రాసినోళ్లు ఎప్పుడేనా మోసినారేటి?"

మోసి చూశారు. సింహాద్రిని పడగొట్టిన అలసట వీళ్లను పడగొట్టలేదు. ఏళ్లతరబడి ఇంట్లో తిష్ఠవేసిన చుట్టమే మరి. పరాయివాళ్ల అలసట వచ్చి సొంత అలసట పక్కన సర్దుకు కూర్చుంది, అంతే. ఆనోటా ఈనోటా పాకి ఊళ్లో జతలన్నీ బదులుకు మారిపోయాయి. కోడళ్లు మళ్లీ జీడి బట్టీలకు వెళ్లారు, మొగుళ్లు పనుల్లోకి వెళ్లారు. కేంద్రంవాళ్లు ఫోన్ చేసి అడిగితే తోడుమనుషులది ఒకటే మాట: "బాగుందండీ, నీరసం ఏటీ లేదు." అందులో అబద్ధమూ లేదు. వాళ్లసలు మొయ్యడమే లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఢిల్లేశు చెట్టెక్కాడు.

మిట్టమధ్యాహ్నం. రత్నాలు బియ్యం ఏరుతోంది. అతని వంతు మోస్తున్న పూట. ఉన్నట్టుండి అలసట తోసుకొచ్చింది. మామూలుగా వచ్చేలా కాదు. ఒక ఊపు, ఆగడం. ఇంకో ఊపు, ఆగడం. ఏం పని ఇలా ఆగి ఆగి అలుపు తెస్తుందా అని ఆలోచించి, తెలిసిపోయి, చేట వదిలేసింది.

"ఓరి నీ కడుపు కాల! చెట్టెక్కుతున్నావురా నువ్వు!"

మెడకు చెయ్యి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. పట్టీ తీసేస్తే ఆ బరువంతా ఒక్కసారిగా చెట్టుమీదున్నవాడి మీద పడుతుంది. చేతులు పట్టు వదిలేస్తాయి. రత్నాలు నేలమీద వెల్లకిలా పడుకుని, పళ్లు బిగబట్టి, అతను దిగేదాకా మోసింది.

సాయంత్రం బొండం చేతపట్టుకుని వచ్చాడు, పెళ్లికొడుకులా వెలిగిపోతూ.

"సముద్రం అగుపించినాదే రత్నాలూ! ఎన్నాళ్లయిపోనాదో పైనుంచి సూసి!"

"నీ సముద్రం తగలెయ్య! పట్టీ ఊడదీసేద్దును."

"తియ్యవని తెలుసు గదేటి." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు, "నా సరదాకి నువ్వు పడ్డావు. ఆ బాకీ ఉంచుకోను. మంగళారం మీటింగన్నావు గదా, ఆ పూట నీది నాను మోస్తాను."

"మంగళారం నీకు డయాలసిస్."

"పొద్దున్నే అయిపోద్ది. నువ్వు ఆళ్లముందు దర్జాగా కూకో."

రత్నాలు ఇంకోసారి వద్దనలేదు. అంతమంది పెద్దల ఎదుట రొప్పుతూ కూర్చోవాలని ఆమెకు మాత్రం ఉందా!

"ఇక్కడ పెట్టండమ్మా," అంటూ పరాంకుశం కాగితం జరిపాడు. "ఈ సంతకంతో రాష్ట్రంలో ప్రతి డయాలసిస్ కేంద్రానికీ పట్టీలు వెళ్తాయి."

రత్నాలు పెన్ను అందుకుంది. రాష్ట్రమంతా. రాష్ట్రమంతా సింహాద్రులే. ఈ గీత చూసి నమ్మి, మెడకు కట్టుకుని, పెళ్లాం కోసం మంచాన పడి, మళ్లీ లేచి ఆటోలు తోలేవాళ్లు. అన్నిచోట్లా పీచు కుప్పలు ఉండవు.

నిజం చెప్పెయ్యాలా? చెబితే సాయంత్రానికల్లా ఊళ్లో పట్టీలన్నీ ఊడదీసుకుపోతారు. డయాలసిస్‌లో తన పక్క మంచం నీలవేణి, ఈమధ్యనే పిల్లను చంకనెత్తుకుని అంగన్‌వాడీ దాకా నడుస్తోంది. ఆ పిల్ల మళ్లీ కిందికి దిగాలి.

పెన్ను కాగితానికి ఆనింది.

అప్పుడు పడింది బరువు. ముందు మోకాళ్ల మీద, తర్వాత నడుం మీద, ఆపైన కనురెప్పల మీద. ఎక్కిన మెట్లు, నిన్నటి డయాలసిస్, ఆడిన పరాచికాలు, అన్నీ కలిసి ఒక్కసారిగా తిరిగొచ్చాయి. కూర్చున్న కుర్చీలోనే కుంగిపోయింది. పెన్ను దొర్లి కిందపడింది. మెడమీద పట్టీ చల్లబడిపోయింది.

అవతలి ఒళ్లు అందుకోవడం మానేస్తేనే పట్టీ కబురును వెనక్కి తెస్తుంది.

"సింహాద్రిగారికి ఫోన్ చెయ్యండి, త్వరగా!" హైమవతి లేచి నిలబడింది.

"ఆయన కాదు మేడమ్." రత్నాలు బల్ల అంచు పట్టుకుని తలెత్తింది. "ఆయన ఆటో స్టాండులో ఉన్నాడు. ఈ పట్టీ జత ఢిల్లేశు మెడకుంది. పొద్దున్నే డయాలసిస్ అయినాది ఆడికి. ఇంటికాడ ఒక్కడే. నన్ను తరవాత తిట్టండి. ముందు అంబులెన్సు పంపండి."

పరాంకుశం చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. హైమవతి అప్పటికే ఫోన్‌లో ఉంది.

*

ఢిల్లేశు బతికాడు. గుమ్మంలో బోర్లా పడున్నవాణ్ణి అంబులెన్సు వాళ్లు సమయానికి అందుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్లు అన్నారు.

ఐసీయూ బయట బెంచీమీద రత్నాలు గోడకు జారబడి కూర్చుంది. మెడ బోసిగా ఉంది. హైమవతి వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకుంది రత్నాలు. తిడితే బాగుండుననుకుంది.

"ఎన్నాళ్లుగా?" అంది హైమవతి.

"సింహాద్రి ఆటో పడిపోనాక. నాను సెప్పాల్సింది మేడమ్. కుర్చీ ఇచ్చింది అందుకే గదా."

హైమవతి చేతిలో నీళ్ల సీసా మూత తిప్పుతూ తీస్తూ కూర్చుంది.

"మీ ఊరి గీత చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. తోడుమనుషులు అంత కులాసాగా ఉండటం అసాధ్యం. ఒక్కసారి మీ ఇంటికి వచ్చి, 'రత్నాలుగారూ, నిజం చెప్పండి' అని అడిగితే చెప్పేవారు. చెబుతారనే భయంతోనే అడగలేదు."

రత్నాలు ఆమె మొహంలోకి చూసింది. పట్టీ లేకుండానే ఆ మొహం ఎవరి బరువో మోస్తున్నట్టుంది.

"మరైతే ఇద్దరం దొంగటిక్కెట్టు మీదే ఎక్కినాం," అంది.

ఢిల్లేశును వార్డులోకి మార్చాక రత్నాలు చూడటానికి వెళ్లింది. ఢిల్లేశు కోడలు మొహం తిప్పుకుని బయటికి పోయింది. అతను చిక్కి సగమయ్యాడు. గొంతు మాత్రం అలాగే ఉంది.

"పట్టీలన్నీ పట్టుకుపోనారటగదే."

"నా వల్లే బావా. సెప్పీసినాను."

"సెప్పకపోతే నాను పోదును. అది సరే." మంచినీళ్లకోసం చూశాడు. అతనికి నీళ్లు కొలతే. రత్నాలు దూది తడిపి పెదాలు అద్దింది. "ఆళ్లు మళ్లీ ఇస్తామంటున్నారట. నువ్వు సంతకం ఎడితే సాలట. ఎట్టీ."

"నువ్వేటి బావా, సావు గుమ్మం తొక్కొచ్చి..."

"తొక్కొచ్చినోణ్ణే సెప్తున్నాను. ఒక్కపూట మనిషినయినాను. దానికోసం మళ్లీ పడిపొమ్మన్నా పడిపోతాను. ఎట్టీ రత్నాలూ."

ఇంట్లో సింహాద్రిదీ అదే పాట. "ఎట్టీవే. నాను మోస్తాను. మోసిన పూట ఆటో తియ్యను."

"తియ్యకపోతే తినేదేటి?"

అతను పొయ్యి మీద అన్నం పొంగితే మూత తియ్యడానికి వెళ్లాడు.

*

రెండోసారి సమావేశానికి సింహాద్రి ఆమెను వీపుమీద ఎక్కించుకుని మూడు అంతస్తులూ తెచ్చి, కుర్చీలో దించి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నిలబడిపోయాడు. అందరూ చూశారు.

పరాంకుశం చెడ్డవాడేమీ కాదు. రాత్రింబవళ్లు ఆలోచించి దారి కనిపెట్టుకునే వచ్చాడు.

"జరిగింది జరిగింది. మీ కేంద్రం లెక్కలు మొత్తం పక్కన పెట్టేద్దాం. రెండో కేంద్రంలో సగంమంది తోడుమనుషులు చివరిదాకా మోశారుగా, ఆ లెక్కలు చాలు ముందుకు పోవడానికి. మీవాళ్లకు పట్టీలు వారంలో తిరిగిస్తాం. ఈసారి బదులూ గిదులూ లేకుండా. మీ సంతకం ఒక్కటే తక్కువ."

"అక్కడ మానేసిన సగంమంది ఎలగున్నారు సార్?"

"మానేశారు కదమ్మా. వాళ్లు లెక్కలోకి రారు."

"మానేసినాక లేచినారా? పన్లోకి ఎల్తన్నారా? ఇంకా పడుకునే ఉన్నారా?"

పరాంకుశం హైమవతి వైపు చూశాడు. హైమవతి బల్లవైపు చూసింది.

"అడగలేదు," అంది.

రత్నాలు రెండు చేతులూ బల్లమీద పెట్టి ఊతం తీసుకుంది. మాట్లాడాలంటే అదీ కావాలి ఇప్పుడు.

"సార్, జబ్బు నాది. దాని గురించి నాను సెప్పగలను. మోసేవోళ్ల గురించి నాను సెప్పలేను, మీరూ సెప్పలేరు. అడుగో, గుమ్మంలో నిలబడినాడు. ఆడి కాడ అడిగితే 'ఏటీ అవలేదు' అంటాడు. ఆడి అబద్ధం ఆటోకి తెలుసు. అలాటోళ్లకి ఇక్కడ ఓ కుర్చీ ఎయ్యండి. ఆళ్ల సంతకం కూడా ఉండాలి. బదులు కూడా దొంగతనంగా కాదు, డాక్టరు పక్కనుండగా పరీక్ష సెయ్యండి. ఎవుడు ఎంత మొయ్యగలడో, ఎప్పుడు దించాలో తేల్చండి. అంతవరకూ నాను పెట్టను."

"మళ్లీ మొదటికి వెళ్లాలంటే ఏడాది పడుతుంది," అన్నాడు పరాంకుశం. ఆ గొంతులో కోపం లేదు. "అప్పటికి నిధులు ఉంటాయో ఉండవో. మీవాళ్లలో ఏడాది ఆగలేనివాళ్లు ఎంతమందో మీకు తెలుసు కదమ్మా."

"తెలుసు సార్."

హైమవతి లేచింది. తన ముందున్న కాగితం అందుకుని, తన సంతకం ఉన్నచోట అడ్డంగా గీత కొట్టింది. పదిహేనేళ్ల పని మీద కొట్టిన గీత. కొట్టాక ఆవిడ వెంటనే కూర్చోవాల్సి వచ్చింది.

"మొదటినుంచీ చేద్దాం," అంది.

*

బుధవారం డయాలసిస్ వార్డులో ఎవరూ రత్నాలును పలకరించలేదు.

మామూలుగానైతే ఆమె అడుగుపెట్టగానే "రైట్, రైట్!" అని ఎవరో ఒకరు అరిచేవారు. ఇవాళ మొహాలన్నీ గోడలవైపు, టీవీవైపు తిరిగాయి. సిస్టర్ వచ్చి చేతికి సూదులు పెట్టి, గొట్టాలు బిగించి వెళ్లింది. రత్నాలు రక్తం ఎర్రగా బయటికి నడిచి యంత్రంలో దూరింది.

పక్క మంచంమీద నీలవేణి కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోవడం లేదని రత్నాలుకు తెలుసు. కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఏటడిగినావట అక్కడ?"

"మోసేవోళ్లకి కూడా కుర్చీ ఎయ్యమని."

"ఎన్నాళ్లు పడతాదట?"

"ఏడాది అన్నారు."

నీలవేణి కళ్లు తెరిచింది. పైకప్పు వైపు చూస్తూ అంది, "నాకు ఏడాది ఉందేటి అక్కా?"

ఉందమ్మా అంటే అబద్ధం. లేదంటే... యంత్రాలు గురగురమంటున్నాయి. ఇటు తన యంత్రం, అటు నీలవేణి యంత్రం, వరసగా అన్నీ. రత్నాలు చెయ్యి జాపింది. గొట్టాలు అడ్డొచ్చి, నీలవేణి మంచం అంచు దాకానే అందింది. అంచు పట్టుకుని ఉండిపోయింది.

నీలవేణి ఆ చేతివంక చూసింది. తోసెయ్యడానికి గానీ పట్టుకోవడానికి గానీ ప్రయత్నించలేదు. సిస్టర్ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండుసార్లు తిరిగింది.

"పిల్ల నిన్నంతా ఎత్తుకోమని ఏడ్చినాది," అంది చివరికి. "మా అత్త ఎత్తుకున్నాది. ముందు నాకు తోడుమనిషి ఆవిడే గదా. మూణ్ణెల్లు మోసి నడుం పడిపోనాది, మీకు ఎవులికీ సెప్పనేదు. నాకూ సెప్పనేదు. నిన్న రాత్రి నువ్వు సంతకం పెట్టలేదని తెలిసినాక సెప్పినాది."

రత్నాలు మంచం అంచును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఆ కుర్చీ మా అత్తకి ఏయించు," అంది నీలవేణి, మళ్లీ కళ్లు మూసుకుంటూ. "దాని నోటికి ఏ సారూ ఆగడు. ఏడాది పనేటి, ఆర్నెల్లకి తెమిలిపోద్ది."

రత్నాలుకు నవ్వొచ్చింది. నవ్వడానికీ ఓపిక కావాలి. ఊపిరి కూడదీసుకుని, కాసేపాగి నవ్వింది.